బుడగకళ్ల చేపని నేనెలా పెంచానంటే

“బావా, నీకప్పజెప్పి వెళ్లిన నా బంగారుచేప ఎలా ఉంది?” ఆపరేషన్ చేయించుకుని పన్నెండు రోజులకి తిరిగొచ్చిన బామ్మర్ది, సెలూన్ బల్ల మీద కూర్చుంటూనే అడిగాడు.

మొహం నిండా నురగతో కుర్చీలో ఉన్న గడియారాల మెకానిక్, అదే బావగారు, అద్దంలోంచే అందుకున్నాడు.

“నీ చేపా? భలేవాడివే! కళ్ల కింద ఆ రెండు బుడగలూ ఉన్నాయే, గుచ్చుకుంటే పగుల్తాయని తొట్టిలో గరుకు రాళ్లన్నీ ఏరేశాను. దానికి చూపు సరిగ్గా ఆనదాయె, మేత నా వేలితోనే పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో రోజుకల్లా నేను దగ్గితే పైకొచ్చేది, తుమ్మితే కిందికెళ్లేది!”

“తుమ్మితేనా?” సెలూన్ ఆయన కత్తి ఆపాడు.

“నీ పని నువ్వు కానీవయ్యా! వారానికి బుడగలు బత్తాయిలంత అయ్యాయి. తొట్టి చాలక బకెట్టు, బకెట్టు చాలక డ్రమ్ము. మీ అక్క వంటింట్లోకి వెళ్లాలంటే దాని తోక పక్కకి జరుపుకుని వెళ్లేదనుకో.”

“డ్రమ్ము పెరట్లో కదా బావా?”

“తోక లోపలికొచ్చిందిరా! మధ్యలో అడ్డురాకు. ఓ పొద్దున ఆ బుడగల్లో గాలి నిండి, డ్రమ్ములోంచి లేచింది చూడు... డాబా మీదుగా, కరెంటు తీగలు తప్పించుకుంటూ... నేను తోక పట్టుకుని మూడు వీధులు వేలాడాను!”

“బుడగల్లో ఉండేది నీళ్లు కదా?”

“నీళ్లే. ఆవిరయ్యాయి.”

“ఇంతకీ ఇప్పుడది పైనుందా, డ్రమ్ములో ఉందా?”

“డ్రమ్ములోనే... అంటే, ఆ డ్రమ్ము పైన...”

బామ్మర్ది పొట్ట పట్టుకుని మెల్లగా లేచి, కుర్చీ పక్కకొచ్చాడు.

“బావా, నాకు డాక్టరు ఒక్క కోతే కోశాడు. నువ్వెన్ని కోశావో లెక్కే లేదు. నిజం చెప్పు, అది బతికి లేదు కదూ? తొట్టిలో నీళ్లన్నీ ఒకేసారి మార్చేశావా?”

బావ తల దించుకున్నాడు.

“పాచి పట్టిందిరా. నువ్వొచ్చేసరికి శుభ్రంగా ఉండాలని తొట్టంతా తోమి, కుళాయి నీళ్లు నిండా పోశాను. మధ్యాహ్నానికి చేప పక్కకి ఒరిగిపోయింది. నేనేం తప్పు చేశానో ఇప్పటికీ అర్థం కావట్లేదు.”

“కుళాయి నీళ్లలో క్లోరిన్ మందు కలుపుతారు బావా. ఒక రోజు నిలవుంచి, కాస్త కాస్తగా మార్చాలి. మరి ఫోన్‌లో రోజూ బాగుందన్నావేం?”

“ఆ మంచం మీద పడుకుని నువ్వడిగేది దాని గురించొక్కటే. పోయిందని ఏ నోటితో చెప్పనురా?”

తిట్టాలో నవ్వాలో తెలియక, బామ్మర్ది మళ్లీ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.