ఏడో సీసా

ఆల్మాటీలో ఒక మందుల పరిశోధనశాల. మధ్యాహ్నం టీ వేళ. ఎలుకలకు సూదులు వేసే మరాల్, ఆమె పై అధికారి కుల్యాష్. పెద్దావిడ కాబట్టి మరాల్ ఆమెను అక్కడి వాడుకలో ‘ఆపాయ్’ అంటుంది, మనం అక్కా అన్నట్టు.

“చెయ్యి దాచకు మరాల్. చూపించు.”

“ఏం లేదు ఆపాయ్. ఎలుక గీరింది.”

“ఎలుక గీరితే ఇంత గుండ్రంగా వాస్తుందా? పాతికేళ్ళుగా చూస్తున్నానమ్మా. సూది గుచ్చుకుందా?”

“కొంచెం… కొంచెమే.”

“ఏ సీసాది?”

“ఏడు. పది నిమిషాలైంది. ఏడులో మందుందా, ఉప్పునీళ్ళా?”

“నాకేం తెలుసు? ఎవరికీ తెలియకూడదనేగా సీసాలకు ఉత్త అంకెలేసి, జాబితా కవర్లో పెట్టి సీలు వేసింది!”

“కవరు విప్పండి.”

“విప్పితే నాలుగు నెలల పని మట్టిపాలే. మందే అయినా ఏమవుతుంది? హిస్టమిన్ చేసే పనే అదీ చేస్తుంది. ఎర్రబడుతుంది, దురద పెడుతుంది. కందిరీగ కుట్టిందనుకో.”

“విప్పండి ఆపాయ్.”

“ఎందుకే అంత వణుకు?”

“నాకు… ఉబ్బసం ఉంది.”

“ఏమన్నావ్?”

“ఉబ్బసం. చిన్నప్పటి నుంచీ. ఫారంలో లేదని రాశాను. ఉందంటే ఊపిరి బిగుసుకుపోతుందని ఈ మందు దగ్గరికి రానివ్వరుగా, ఉద్యోగం ఇవ్వరుగా! భయంగా ఉంది ఆపాయ్. చచ్చిపోతానేమో…”

“థూ థూ థూ! ఆ మాట నోట రానీకు. పీల్చే మందేది?”

“పీల్చాను. రెండుసార్లు. అయినా ఛాతీ పట్టేసినట్టే ఉంది.”

“కూర్చో. పడుకోకు. కవరు పక్కగదిలో ఉంది, ఇప్పుడే వస్తా.”

“తొందరగా ఆపాయ్! ఆపాయ్? ఎక్కడున్నారు?”

“వచ్చా, వచ్చా. ఇదిగో, చించేశా. ఐదు… ఆరు… ఏడు. ఉప్పునీళ్ళు.”

“నిజంగా?”

“ఉత్త ఉప్పునీళ్ళే, పిచ్చిదానా! దీనికింత గోలా?”

“మరి వాపు?”

“సూది గుచ్చుకుంటే వాయదా? మెల్లగా గాలి పీల్చు. వదులు. మళ్ళీ.”

“అమ్మయ్య… మీ నాలుగు నెలల పనీ పాడుచేశాను.”

“పోతే పోయింది. పీల్చు.”

“ఆ కాగితం ఒకసారివ్వండి. నా కళ్ళతో చూసుకుంటే…”

“తర్వాత. మాట్లాడకు.”

“కింద సైరన్… మన గేటు దగ్గరే ఆగింది. ఎవరికో, పాపం.”

“నీకే తల్లీ. కవరు కోసం వెళ్ళినప్పుడే పిలిచాను. లేవకు, వాళ్ళే పైకొస్తారు. ఏడులో ఏముందో డాక్టరుకి నేను చెబుతాలే.”