రాజబాబు వచ్చాక

శుక్రవారం ప్రార్థన ముగిసి జనం చర్చి గేటు దాటుతున్నారు. జహ్రాలో ఒక కువైటీల ఇంట, మామా అని పిలిచే యజమానురాలి దగ్గర వంట చేసే సుందరమ్మ, అదే ఇంటి డ్రైవరు రాజబాబును గోడ పక్కన ఆపింది. సెలవు మీద ఊరికి వెళ్ళినవాడు ఇంకా అక్కడే ఉన్నాడని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంటోంది.

“మొహం అటు తిప్పుకుంటే పోల్చుకోలేననుకున్నావా?”

“లేదక్కా. ఎండ కళ్ళలో పడతంటే...”

“ఎప్పుడొచ్చేవు?”

“మొన్నే.”

“మొన్నంటే?”

“అదే, మొన్నామధ్య. నువ్వు బాగున్నావా? చిక్కిపోయేవే.”

“నా సంగతి తరవాత. జేబు మీద ఈ కంపెనీ పేరేంటి?”

“షుఐబాలోనక్కా. పైపుల కంపెనీ. పనోళ్ళ బస్సు తోల్తన్నాను.”

“జహ్రా ఇంటికి రాకుండా?”

“వద్దామనే అనుకున్నాను...”

“నీకు కామెర్లు, మంచం దిగలేకపోతన్నావని తెలిసి ఎంత బెంగపడ్డాను! ఇదే చర్చిలో పాస్టరుగారి చేత నీ పేరు చదివించి ప్రార్థన చేయించాను.”

“కామెర్లా? నాకా?”

“నీకు కాక?”

“ఎవరన్నారక్కా?”

“ఇంటి దగ్గర్నించి మీ బావగారే రాశారు. ఏం, అలా చూస్తావు?”

“ఏం లేదు. ఆఁ, వచ్చింది. కొంచెం వచ్చింది. తగ్గిపోయింది.”

“తగ్గేక ఎక్కడికి రావాలి?”

“బస్సు తియ్యాలక్కా. మావోళ్ళు చూస్తా ఉంటారు.”

“చూడనీ. నేను నీకోసం చూడలేదూ? ఆ రోజు మామా ఏమంది? ఇద్దర్నీ ఒకేసారి పంపను, ఒకరు తిరిగొచ్చాకే రెండోవాళ్ళు అంది. ముందు వంతు నాది. నీ పెళ్ళానికి నెలలు నిండేయని నువ్వు వంటింట్లో కూర్చుని ఏడిస్తే, సరే, మా అమ్మాయి పురిటికింకా టైముంది కదా, నువ్వే ముందు వెళ్ళమన్నాను. వాడు రాకపోతేనో అంది మామా. వస్తాడు, వాడి మాటకి నేనున్నాను అన్నాను. అన్నానా లేదా?”

“అన్నావు.”

“నువ్వేం చేసేవు?”

“బైబిలు మీద చెయ్యేసేను.”

“నేనడిగేనా వెయ్యమని?”

“అడగలేదు. మాట చాలన్నావు.”

“రోజూ పొద్దున్నే టీ ఇస్తంటే మామా ‘వేన్ రాజు’ అంటది. రాజు ఎక్కడని. మొదట్లో కోపంగా అడిగేది. ఇప్పుడు నవ్వుతా అడుగుతోంది. ఆ నవ్వు నేను పడలేకపోతన్నాను. సామాన్ల గది తాళాలు నా దగ్గరే ఉండేవి. తీసేసుకుంది.”

“ఇక్కడైతే ఓవర్‌టైమ్ ఉందక్కా. శుక్రవారం సెలవు. అక్కడ రాత్రీ పగలూ...”

“మారొద్దన్నానా? వచ్చి, నేను వెళ్ళొచ్చేదాకా ఉండి, అప్పుడు మారు. అమ్మాయికి తొలికాన్పు రాజబాబూ. తొమ్మిదో నెల పడింది. పక్కన నేనుంటానని దానికి మాటిచ్చేను. నీ బిడ్డ పుట్టినప్పుడు నువ్వున్నావు కదా?”

“ఉన్నాను.”

“ఆడపిల్లా?”

“ఆయ్. నీ పేరే పెట్టామక్కా.”

“తీసెయ్యి.”

“అక్కా...”

“పోనీ, ఇప్పుడైనా నాతో రా. మామా ఎదురుగా ఒక్కసారి నిలబడి, నేనింక మీ ఇంట్లో చెయ్యను, వేరే డ్రైవర్ని పెట్టుకోండి అని నీ నోటితో చెప్పు. వాళ్ళు ఇంకొకణ్ణి చూసుకుంటారు. నన్ను పంపుతారు.”

“రాలేను.”

“భయమా? నిన్నేమీ చెయ్యకుండా నేను చూసుకుంటాను.”

“భయం కాదు. రానని మాటిచ్చేను.”

“ఎవరికి?”

“వదిలెయ్యక్కా.”

“నాకిచ్చిన మాట కంటే గట్టిదా?”

“వదిలెయ్యమన్నానా.”

“సరే. మీ బావగారికి రాస్తాను. మీ ఇంటికెళ్ళి, నీ పెళ్ళాం ముందు కూర్చుని అడుగుతారు.”

“బావగారికి రాయొద్దు.”

“ఎందుకు రాయకూడదు?”

“రాయొద్దంతే.”

“రాజబాబూ, ఇటు చూడు. ఎందుకు రాయకూడదు?”

“ఈ వీసాకి నన్ను ఏజెంటు దగ్గరికి తీసుకెళ్ళింది ఆయనే.”

“మీ బావగారా? నీ వీసాతో ఆయనకేం పని?”

“‘నువ్వెళ్ళి మళ్ళీ ఆ ఇంట్లో దిగేవంటే మీ అక్క వచ్చేస్తదిరా. వచ్చిందంటే ఇంక విమానం ఎక్కదు’ అన్నారు.”