నాగప్ప తవ్వని గుంత

బిజినేపల్లి చౌరస్తాలో ఎంకమ్మ చాయ్ హోటల్ ముందు నల్ల కారు ఒకటి ఆగింది. అందులోంచి దిగినాయన తన పేరు శ్రీనాథ్ అని చెప్పుకొని, "ఇక్కడ హైదరాబాద్‌ల గోల్ఫ్ గ్రౌండ్ పనికి పోయొచ్చినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు. బల్లల మీద కూర్చున్నవాళ్లంతా ఒక్కసారే నాగప్ప వైపు తిరిగారు. నాగప్ప అప్పటికే లేచి, తువ్వాల దులిపి భుజాన వేసుకుంటున్నాడు.

ఈ కారు సంగతి నాగప్పకు పొద్దుననే తెలుసు. కారాయన నిన్న పక్కూళ్లో కూడా ఇట్లాగే అడిగిపోయాడని, ఏదో పని ఉందటని అతని భార్య బుజ్జమ్మ విని వచ్చింది. మోకాళ్లకు నూనె రాసుకుంటూ మొగుడికి ఒకటే మాట చెప్పింది. "ఏడాదికో ఊరు తిరిగి మట్టి మోసే బలం నాకు లేదు. ఈ సారు పనిస్తే ఒక్క కాడ ఉంటం. ఉన్నదున్నట్టు చెప్పు. కోతలు కోసినవో, పని చేతికొచ్చి పోతది." నాగప్ప దేవుడి పటం వైపు చెయ్యి చాపి మరీ సరేనన్నాడు. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు, పాపం.

"నేనే పోయిన సార్," అన్నాడు ఇప్పుడు, వినయంగా.

"మంచిదైంది. అక్కడ పొట్టి హోల్ ఒకటుంది చూడండి, జెండా ముందర పెద్ద ఇసుక గుంత ఉంటది. దానికోసమే నేను..."

"ఈ మామ ఆడ ఏం చేసిండు సార్?" అని గోవిందు మధ్యలో అందుకున్నాడు. గోవిందు ఆటో నడుపుతాడు. నాగప్ప ఎత్తిన మాటను కిందపడేసేదాకా వాడికి తాగిన చాయ్ అరగదు. "తట్ట మోసిండు, గంతే. పాలమూరు లేబర్."

బల్లల మీద నవ్వులు లేచాయి. నాగప్ప చెవులు ఎర్రబడ్డాయి. పుణెలో, బొంబాయిలో, బెంగుళూరులో ఎక్కడ మట్టి తీసినా అతన్ని పేరు పెట్టి పిలిచినవాడు లేడు. 'ఓ పాలమూరూ, ఇటు రా' అనేవారు. అక్కడంటే పడ్డాడు. సొంత ఊళ్లో, కారాయన ముందర కూడా అదే మాటా? సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. బుజ్జమ్మకిచ్చిన మాట ఆ మంటలోనే కాలిపోయింది.

"తట్టనా? గోల్ఫంటే నీకేం తెల్సురా గోవిందూ? సార్, మీరు కూసోండ్రి. అక్కా, సారుకు అల్లమేసి చాయ్ పొయ్యి. అసలు సంగతేందంటే సార్, దాన్ని పార్ ఫోర్ అంటరు. నాలుగు దెబ్బలల్ల బంతి హోల్ల వడాలె. కొన్ని మస్తు దూరముంటయి, హోల్ కాడ పాతిన జెండా యాడున్నదో గూడ కనవడదు. ఇది గట్ల గాదు, పొట్టిది. ఈడ నిలవడితే పెట్రోల్ బంకు కనవడ్తలేదా, గట్ల కనవడ్తది జెండా. సూసినోనికల్లా ఆశ వుడ్తది, ఒక్క దెబ్బకే పోత అనుకుంటడు. ఆశ వుట్టియ్యాలె సార్, అదే అసలైన హోల్. దూరమున్నదానికి బలముంటే సాలు. పొట్టిదానికి బుద్ధి గావాలె!"

శ్రీనాథ్ కనుబొమలు పైకి లేచాయి. "అరె, బాగా చెప్పిన్రు," అని కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది! ఈ మాటలన్నీ నాగప్ప నిజంగానే అక్కడి ఇంజనీరు దగ్గర విన్నవి. కానీ పెద్ద సారు మెచ్చుకోలు, గోవిందు తెరిచిన నోరు రెండూ ఒక్కసారే కనబడితే నాగప్ప లాంటివాడు ఎట్లా ఆగుతాడు?

"బాగ చెప్పుడేంది సార్, దాన్ని బాగ చేసిందే నేను. తెల్ల ఇంజనీరు ఒకడు ఉండె. ఇసుక గుంత యాడ వెట్టాల్నో తెల్వక పరేషాన్ అయితుండు, బువ్వ గూడ తింటలేడు. నాకే పాపమనిపిచ్చి పోయిన. 'ఓ దొరా, ఎడమ దిక్కు తొవ్వ ఇడిసిపెట్టు' అన్న. 'సిన్నగ కొట్టేటోడు అటుకెళ్లి రెండు దెబ్బలల్ల సల్లగ పోతడు, వానికేం గాదు. నెట్టన, సూటిగ పోయేటోని కోసం జెండా ముందల గుంత దీయి. గుంతను జర ఒంకర దిప్పు, కొవ్వెక్కినోడు సక్కగ పోయి అండ్లనే వడ్తడు' అన్న. ఒక్కసారి అండ్ల వడ్డంక ముందుకు కొట్టరాదు సార్. సిగ్గిడిసి పక్కకు కొట్టాలె. ఒక దెబ్బ పోగొట్టుకుంటేనే బయటికొస్తడు."

"ఆ తెల్లాయన నీ మాట తెలుగుల విన్నడా?" అంది ఎంకమ్మ, చాయ్ వడగడుతూ.

"ఇనుడేందక్కా, కండ్లల్ల నీళ్లు వెట్టుకుండు! ఆ దినంకెళ్లి నేను ఎండల నిలవడితే ఆయననే గొడుగు వట్టిండు. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

ఎవరికీ తెలియదు. తెలిసే వీలు కూడా లేదు.

"గ్రౌండ్ తెరిసిన దినం పెద్దపెద్దోళ్లు వచ్చిండ్రు. ఒక్కొక్కడు కట్టె వట్టుకొని నెట్టన కొట్టుడు, గుంతల వడుడు. బంతుల ఎనక వాళ్లు గూడ దిగుడు, ఎక్కనీకె రాకపాయె. పొద్దుమీకే యాల్లకు గుంతల మనుసులే మనుసులు! ఆడనే బువ్వలు, ఆడనే చాయ్‌లు. నిచ్చెనలేసి గుంజినం."

"ఓ నా తల్లో," అన్నాడు మూలనున్న బాలస్వామి. అతను ఎరువుల దుకాణం మనిషి, పొద్దున ఒక చాయ్, సాయంత్రం ఒక చాయ్ తప్ప వేరే వ్యసనం లేనివాడు. చేతిలో ఉన్న చాయ్ తాగడమే మరిచిపోయాడు.

"ఇంజనీరు నా కాళ్లు వట్టుకుండు. 'నాగప్పా, ఒక్కడన్న ఒక్క దెబ్బకు పోవాలె, లేకుంటే నా ఇజ్జత్ పోతది' అన్నడు. సరే తియ్యి అన్న. ఆ సన్న కట్టె నా చేతికేం ఆనుతది? గొడ్డలి కామ దెమ్మన్న. కొట్టిన! బంతి పోయింది... పోయింది... పోతనే ఉన్నది. శంషాబాద్ మీద విమానం అడ్డమొస్తే పైలట్ బ్రేకేసి ఆగిండు, ముందు బంతిని పోనియ్యి అని."

"విమానానికి బ్రేకా!" గోవిందు నోట్లోంచి చాయ్ బయటికి వచ్చింది.

"మల్ల? గుద్దుకుంటే ఎవలు జిమ్మెదారి? ఆడికెళ్లి వనపర్తి మీదికొచ్చింది. కింద పెండ్లయితుంటే పంతులు మంత్రం ఆపి పైకి సూసిండు. జూరాల కాడ డ్యాం గేటుకు తాకింది, ఠంగుమన్నది. గద్వాలల ఉన్న మా బామ్మర్ది ఇండ్లకెళ్లి బయటికి ఉర్కొచ్చిండు, కావాల్నంటే ఫోన్ చెయ్యి. గేటుకు తాకి ఎనకకు మల్లింది. మేము బువ్వ దిని చేతులు కడుక్కుంటున్నం, బంతి వచ్చి హోల్ అంచు మీద నిలవడ్డది. పడ్తలేదు. అందరు ఊపిరి వట్టుకొని సూస్తుండ్రు. అప్పుడు నేనేం చేసిన? దగ్గిన. గంతే, వడ్డది!"

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా ఎంకమ్మ చూసుకోలేదు. ఇంతకుముందు నాగప్ప కోతలు వినని వాళ్లా వీళ్లంతా? కానీ ఇంత పెద్దది ఎన్నడూ వినలేదు. నాగప్ప అందరి మొహాలూ తృప్తిగా చూసుకున్నాడు. ఇక ఎవడంటాడో అనమను, తట్ట మోసిండని!

శ్రీనాథ్ నవ్వాపుకొని అడిగాడు. "విమానం సంగతి అట్లుంచండి పెద్దాయనా. గుంత ఒంకర తిప్పమన్నది మీరే అని చెప్పిన్రు కదా. మరి ఆ గుంత తవ్వింది కూడా మీరేనా?"

ఎంత సులువైన ప్రశ్న! ఎదురుగా జెండా కనబడుతూనే ఉంది. 'అవును సార్' అని చిన్నగా ఒక మాటంటే చాలు. నాగప్ప నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే గోవిందు మూతి తుడుచుకుంటూ, వంకరగా నవ్వుతూ కనబడ్డాడు.

"తవ్వుడా? నేనా?" నాగప్ప ఛాతీ విరుచుకున్నాడు. "ఏం మాట సార్ అది! నేను పార ముట్టలే, తట్ట ముట్టలే. కుర్సీల కూసోని చెయ్యి సూపెడ్తుంటి. తవ్వనీకె కూలోళ్లు లేరా? అన్నం లాంటి ఈ చాయ్ మీద ఒట్టు, ఆ మట్టి నా గోరుకు గూడ అంటలే!"

శ్రీనాథ్ మొహంలో నవ్వు పోయింది. గ్లాసు కింద పెట్టాడు.

"అయ్యో. నేనొచ్చింది తవ్వినాయన కోసమే. కాగితం మీద ఆ గుంత సక్కగనే ఉండె. తవ్వేటాయనకు కింద బండ తగిలితే, దాన్ని పలగ్గొట్టకుండ గుంతనే పక్కకు తిప్పిండట. ఆ ఒంకరతోనే దానికి పేరొచ్చింది, ఎక్కడెక్కడోళ్లో దాన్ని చూడనీకె వస్తున్నరు. ఇప్పుడు మేం కొత్త గ్రౌండ్ కడుతున్నం. గుంతలన్నీ ఆయన చేతనే తీయించాలని మా పెద్దసారు పట్టు. ఆయనకు, ఆయన భార్యకు అక్కడనే ఇల్లిస్తం, ఏడాది పొడుగునా పని. పేరు మాత్రం ఎవరికీ తెల్వదు. పాలమూరాయన అంటరు, గంతే."

బండ తగిలిన రోజు నాగప్ప కళ్ల ముందు నిలిచింది. అప్పుడు గడ్డపార దెబ్బకు చేతులు జివ్వుమన్నాయి. 'ఎందుకు దాంతోని కొట్లాట, పక్కకు తిప్పు' అన్నది బుజ్జమ్మే. ఇద్దరూ కలిసి తిప్పారు.

"సార్," అన్నాడు. ఒకడుగు ముందుకేశాడు. "సార్, ఆ గుంత... నేనే తవ్విన."

ఆ వెంటనే హోటలంతా పగలబడి నవ్వింది. బాలస్వామి బల్ల చరిచాడు. గోవిందు కడుపు పట్టుకుని వంగిపోయాడు. "విమానం ఆగిందంటే ఊకున్నం, దగ్గితే వడ్డదంటే ఊకున్నం! గని మామా, గిది అన్నిటికన్న పెద్దది!"

"నిజంరా! నా చేతులు సూడుండ్రి!" నాగప్ప రెండు అరచేతులూ చాపాడు. కాయలు కాసి ఉన్నాయి. ఆ బల్లల మీద కాయలు కాయని చేతులు ఎవరివని? గోవిందు కూడా తన చేతులు చాపి చూపించాడు, ఇంకోసారి నవ్వారు.

"ఇప్పుడే ఒట్టేసి చెప్తిరి కద పెద్దాయనా," అన్నాడు శ్రీనాథ్. కోపంగా అనలేదు, అందుకే ఇంకా గట్టిగా తగిలింది. "లింగాల దిక్కు కూడా ఆ గ్రౌండ్ పనికి పోయిన గుంపు ఒకటి ఉందంట. అటు పోయి అడుగుత."

నాగప్పకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ నోటికొచ్చిందల్లా చెప్పాడు, ఏదో ఒకటి నమ్మినవాళ్లు నమ్మారు. ఒక్క నిజం చెప్తే ఒక్కడూ నమ్మడేంది?

ఎంకమ్మ నవ్వలేదు. శ్రీనాథ్ గ్లాసు తీసుకుని మళ్లీ నింపింది. "లింగాల యాడికి పోదు సార్. ఈ చాయ్ తాగి పోండ్రి," అని నాగప్ప వైపు తిరిగింది. "ఎడమ దిక్కు తొవ్వ ఉండె గద నాగప్పా, సల్లగ పోకపోతివా? గుంతల వడ్డంక ముందుకు కొట్టరాదని నువ్వే చెప్తివి. సిగ్గిడిసి పో. బుజ్జమ్మను తోల్కరా, ఆమె చెప్తే సారు నమ్ముతడు. సారుకు ఏం చెప్పినవో అదంత మొదలు ఆమెకు చెప్పి తోల్కరా."

గోవిందు నవ్వు కంటే, కారాయన కంటే, బుజ్జమ్మ నూనె రాసుకునే ఆ మోకాళ్లే నాగప్పను ఎక్కువ భయపెట్టాయి. అయినా చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి ఇంటి దిక్కు పరుగెత్తాడు.

"మామా!" అని వెనక నుంచి గోవిందు కేకేశాడు. "ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

నాగప్ప రోడ్డు మధ్యలో ఆగి వెనక్కి తిరిగాడు. కళ్లనిండా నీళ్లు.

"తెల్వదురా," అన్నాడు.

ఈ మాటకు ఎవరూ నవ్వలేదు. ఇది మాత్రం అందరూ నమ్మారు.