జీపు వెనక కిటికీ

కొండమీది జీపుల స్టాండు పక్కన, పౌలోసు ఉన్నన్నాళ్ళూ జీపులకు కాన్వాసు టాపులు కుట్టిన షెడ్డు అది. ఇప్పుడు ఆ పని అతని భార్య త్రేస్య చేస్తోంది. స్టాండు వాళ్ళంతా ఆమెను చేచ్చీ, అంటే అక్కా, అని పిలుస్తారు. డ్రైవర్ వర్కి తన జీపును ముక్కు లోపలికి, వెనక భాగం రోడ్డు వైపుకి ఉండేలా నిలిపాడు.

"...పక్క ప్లాస్టిక్ కిటికీలు ఇంకో వానాకాలం ఆగుతాయి చేచ్చీ. వెనకదొక్కటి మార్చు చాలు."

"కాన్వెంటు బడి మదర్ ఏమన్నారు?"

"బడి పిల్లల్ని ఎక్కించుకోవాలంటే వెనక ప్లాస్టిక్ అద్దంలా కనబడాలంది. అదీ త్రేస్య దగ్గరే కుట్టించమంది. ఏం పట్టుదలో ఆవిడకి."

"ఈ అంచు పట్టుకో. లాగకు, కాన్వాసు చిరుగుతుంది. కుట్టు మాత్రమే కోస్తున్నా."

"లోపల వంట ఘుమఘుమలాడుతోంది. బీఫ్‌లో కొబ్బరిముక్కలు వేసినట్టున్నావు."

"మనుషులొస్తారు."

"ఎవరు?"

"వచ్చాక చూద్దువుగాని."

"నీ చెయ్యి అచ్చం పౌలోసన్న చెయ్యే. ఇంత నెమ్మదిగా..."

"ఆయన పేరెత్తకు."

"ఇంకా కోపమా? చర్చిలో ఫాదరు ముందు నా చెయ్యి పట్టుకుని క్షమించానన్నావు."

"అన్నాను. ఆయన్ని గుద్దినందుకు క్షమించాను. తర్వాత నువ్వన్న మాటని కాదు."

"నేనేమన్నాను? ఉన్నదే అన్నా. ప్లాస్టిక్ మసకబారిపోయింది, వెనక మనిషున్నాడని కనపళ్ళేదు. మార్చమని ఎన్నిసార్లడిగానో. రేపు, రేపు అన్నాడు."

"రేపు రేపంటూ తన చావు తనే కుట్టుకున్నాడని స్టాండంతా నవ్వింది."

"నేను నవ్వలేదుగా."

"నవ్వించావు. వారం ముందే మార్చాడయ్యా అని నేను మొత్తుకుంటే, పెళ్ళాం అలాగే చెబుతుందన్నారు. ఇదిగో, ఊడింది. వెలుతురులోకి పట్టు."

"పాతదాన్ని చూసేదేముంది. అవతల పారెయ్."

"ఈ దారం ఏ రంగు?"

"మట్టి కొట్టుకుపోయింది. ఏం చెప్పను?"

"మడత విప్పి చూడు. అక్కడికి మట్టి చేరలేదు."

"...ఎరుపులా ఉంది."

"తెల్లదారం దొరక్క ఆయన పోయే ముందు తెచ్చిన ఎర్ర ఉండ అది. అంతకుముందు ఈ షెడ్డులోకి ఎర్రదారం రాలేదు. మిగిలింది ఇదిగో, నా మెషీను మీదే ఉంది. రేపు రేపన్నవాడు ఇది ఎప్పుడు కుట్టాడు వర్కీ? సమాధిలోంచి లేచొచ్చా?"

"నాకు... నాకు సరిగ్గా గుర్తులేదు. కుట్టాడేమో. ఎండకి తొందరగా పాడైపోయుంటుంది."

"బయటవైపు తడిమి చూడు."

"నున్నగానే ఉంది."

"లోపలివైపు?"

"వదిలెయ్ చేచ్చీ."

"తడుము."

"గరుకుగా ఉంది."

"ఎండ జీపు లోపల కాస్తుందా? గుండ్రంగా ఈ గీతలేమిటి, గిన్నె తోమినట్టు? దేంతో రుద్దావు?"

"నేనా? నేనెందుకు రుద్దుతాను?"

"దేంతో?"

"కొబ్బరిపీచు. ఇసుక. పోలీసులు జీపు చూడ్డానికి వచ్చే లోపల... చేచ్చీ, నాకు ఇద్దరు ఆడపిల్లలు. లైసెన్సు పోతే వాళ్ళకి తిండేదీ?"

"ఆ రోజు ఎటు చూస్తున్నావు?"

"పక్కకి. ఇంకో ఇద్దరు ఎక్కేలా ఉంటే, కేకేస్తూ..."

"కేకేస్తూ వెనక్కి పోనిచ్చావు."

"తప్పే. ఫాదరు దగ్గర చెప్పుకుంటా. ఒట్టు. ఆ ముక్క ఇలా ఇచ్చెయ్."

"ఇవ్వను. కదలకు, కొత్తది కుట్టనీ."

"ఇంత జరిగాక కూడా కుడతావా?"

"పిల్లలెక్కే బండి. ఎర్రదారంతోనే కుడతా."

"చేచ్చీ, ఎవరితోనూ అనవుగా?"

"నేను అనను."

"దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు."

"చూస్తాడో లేదో. పని చెయ్యనీ."

త్రేస్య చివరి కుట్టు ముడివేసి, పాత ముక్క చేతపట్టుకుని జీపు వెనక్కి వెళ్ళి నిలబడింది.

"వెళ్ళనా ఇంక?"

"సీట్లో కూర్చుని ఒకసారి వెనక్కి చూసి చెప్పు. బాగుందా?"

"బాగుంది. అసలు ప్లాస్టిక్ ఉన్నట్టే లేదు."

"నేను కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నావు."

"ఎక్కడ నిలబడ్డాను?"

"...పౌలోసన్న నిలబడ్డ చోట."

"నా వెనక ఏముంది?"

"రోడ్డు. చర్చి మెట్లు. ఎవరో దిగుతున్నారు... ఫాదరు. పక్కన మదర్. ఆ వెనక మన స్టాండు వాళ్ళంతా. అందరూ ఇటే వస్తున్నారు. చేచ్చీ, ఇవాళ ఏం రోజు?"

"ఆయన సంవత్సరీకం. సమాధి దగ్గర ప్రార్థన అయింది, భోజనానికి వస్తున్నారు. నీకు గుర్తుండదని తెలిసే ఇవాళ రమ్మన్నా."

"దండం పెడతా. వాళ్ళు రాకముందే నన్ను పోనీ."

"నేను నీ వెనకే ఉన్నాను. ఎలా పోతావు?"

"చేచ్చీ..."

"మొహాలు తెలుస్తున్నాయా?"

"తెలుస్తున్నాయి."

"ఒక్కొక్కరూ?"

"ఒక్కొక్కరూ."

"అయితే దిగు. కొత్త ప్లాస్టిక్ వేయించుకుంటే గానీ పిల్లల్ని ఎక్కించనని మదర్ చేత నీకు చెప్పించింది నేనే. నువ్వు నోరు విప్పాకే నేను వాళ్ళకి వడ్డిస్తాను వర్కీ. నీక్కూడా ఆకు వేసే ఉంచాను."