ఆదిబాబు కారుకి నాలుగు పైపులు

ఆ మోటారుసైకిలు ఎవులిదిరా బావు, ఈదంతా అదిరిపోతాంది? నీ దోస్తుదా? మా ఆదిబాబు ఈ పని డెబ్బై నాలుగులోనో అయిదులోనో సేసీసినాడు, అదీ కారుకి. ఎవులంతావేటి? మీ తాత సెప్పనేదా? టాటానగర్ పక్కన ఆదిత్యపూర్లో నానూ ఆడూ ఒకే షెడ్డులో వెల్డింగు సేసీవోలం. ఆడికి నలబై దాటినా పెళ్ళి నేదు. ఓ ముసిలి ఫియట్టుండీది, దాన్నే సూసుకుంతా బతికీసీవోడు.

నది అవతల సోనారీలో పద్మకుమారి అని, మొగుడు పోయిన మనిషి, అన్న సీతారామరావు ఇంట్లో ఉండి మిషను కుట్టీది. ఈడు కారు రెండీదులవతల ఆపీసి, నడుసుకుంతా ఎల్లీవోడు, బొత్తాం కుట్టించుకోడానికి. ఆడి సొక్కాలకి ఊడినన్ని బొత్తాలు టాటాలో ఇంకెవులికీ ఊడనేదు. ఓ రోజు ఆవిడ, "దొంగనాగెందుకొత్తావు ఆదిబాబూ? వత్తే పదిమందికీ తెలిసీనాగ రా. నేదా, మానీ" అనీసింది. ఈడు బొత్తాం కుట్టించుకుని వచ్చీసినాడు.

అప్పుడే కలకత్తా నుంచి వచ్చిన పందెం కారొకటి, పైపు పగిలిపోయి మా షెడ్డుకొచ్చింది. మామూలు కారుకి ఇంజను పక్కన బీడు ముద్దొకటుంటాది కదా, నాలుగు సిలిండర్ల పొగా అందులోనే తోసుకుని ఎల్లాల. దీనికలా కాదు, నాలుగింటికీ నాలుగు పైపులు, కిందకెల్లి ఒకటైపోతాయి, సైలెన్సరుండదు, సప్పుడు ఊరంతా వినపడతాది. ఏటంటారూ, హెడర్సా? అదే. ఆదిబాబు దాని కింద పడుకున్నోడు లెగనేదు. "ఇంజనుకి ఊపిరాడాలిరా" అన్నాడు. ఇంజనుకో ఈడికో నానడగనేదు.

తన ఫియట్టుకీ అలాటివే సేద్దామని, పైపులు ముడత పడకుండా లోపల పొడి ఇసక దట్టించి, గేసు మంటతో కాల్సి వంచినాడు. పాత బోల్టులు తుప్పట్టీసి రావు, కిరసనాయిలు పోసి నానబెట్టినా ఒకటిరిగిపోయింది. అంతా బిగించీసినాక సూత్తే ఓ పైపు స్టీరింగు రాడ్డుకి తగులుతాంది. కారు ఎడం పక్కకే తిరుగుతాది. "ఎడం పక్కే కదా సోనారి" అన్నాను. నవ్వనేదు, ఇప్పీసి మల్లీ వంచినాడు.

ఆదోరం పొద్దున్న నన్నూ ఎక్కించుకున్నాడు. తిన్నగా సీతారామరావు గుమ్మం ముందరే ఆపినాడు, ఇంజను మాత్రం ఆపనేదు. ఈదంతా బయటికొచ్చీసింది. సీతారామరావు సగం గెడ్డం గీసుకుని, సగం నురగతో వచ్చినాడు. "ఏటిది? క్యా హై యే?" అంతాడు, వినపడదు. ఈడేదో అంతాడు, అదీ వినపడదు. ఇద్దరూ అరుసుకుంతన్నారు. నాకు సిరాకేసి తాళం తిప్పి ఇంజను ఆపీసినాను. సరిగ్గా అప్పుడే ఈడు, "మీ సెల్లిని పెళ్ళాడతాను!" అని అరిసినాడు. ఈదంతా వినీసింది. మేడమీద బెంగాలీ ముసిలాయన "ఠీక్ హై" అన్నాడు. ఆయన్నెవులూ అడగనేదు.

సీతారామరావు మొకం ఎర్రబడిపోయింది, "నా పరువు తీసీసినావు, ఫో" అన్నాడు. అప్పుడు పద్మకుమారి, మెళ్ళో టేపుతోటి, గుమ్మంలోకొచ్చింది. "పదిమందికీ తెలిసీనాగ రమ్మన్నాను, ఊరు లేపీమన్నానా?" అంది. అన్నకేసి తిరిగి, "ఆ మిగతా గెడ్డం గీసుకో అన్నా. పెళ్ళికొడుక్కి టీ పెడతాను" అంది. అంతే. ఆయన పెళ్ళికి రానేదు గానీ, తరవాత టాటానగర్ టేసనుకి ఎల్లాల్సొచ్చినప్పుడల్లా ఆ కారే ఎక్కీవోడు, సెవుల్లో దూది ఎట్టుకుని.

సోనారీలోనే కాపరం ఎట్టినారు. కారు ఖర్కాయి నది వంతెన మీదికి రాగానే ఇంట్లో వినపడీది. ఆవిడప్పుడు బియ్యం కడిగి పొయ్యెక్కించీది. ఆడొచ్చి, ఒళ్ళు కడుక్కుని కూకునీసరికి అన్నం దిగీది. ఏ రోజూ సల్లన్నం తిననేదు ఆడు.

ఎనబై ఏడులో, వానాకాలం, షెడ్డులోనే గుండె పట్టుకుని కూలబడిపోయినాడు. ఆసుపత్రికెల్లీలోపే అయిపోయింది. టెంపోలో ఇంటికి తెచ్చినాం. ముందు నానే దిగినాను. పద్మకుమారి గుమ్మంలోకొచ్చి నా మొకం సూసి, "నువ్వొచ్చీసినావేటన్నా? ఆయన కారు ఇంకా వినపడనేదు, నాను బియ్యం కూడా కడగనేదు" అంది.

...

తాగరా, టీ సల్లారిపోతాంది.