మడతబండిలో తడి

“కప్పున్న గదిలో పడుకోవడానికైతే డెన్మార్క్ దాకా ఎందుకు, వీబె? కప్పు ఇంట్లోనే ఉంది కదా.”

“పిల్లల కోసం అంటున్నాను, రెన్స్కె. యెల్టె ఇంకా పసివాడు. వాడు గుడారంలో పడుకుంటే గుడారం పడుకోదు.”

“పోయినేడు వాడు ఇంకా పసివాడు. అప్పుడు గుడారమే ముద్దన్నావు.”

“ముద్దే. వాన పడ్డాక తడిసి ముద్ద.”

మాట తప్పించాలంటే వీబె మాటనే తిప్పుతాడు. అది ఊరందరికీ తెలిసిన జబ్బు. ఆ ఆదివారం మధ్యాహ్నం మామగారు హార్మెన్ ఇంటి వంటింట్లో భార్య రెన్స్కె బల్ల మీద పటం పరిచి, వేసవి ప్రయాణం గురించి చెబుతుంటే అతను అదే పనిలో ఉన్నాడు. వేలు డెన్మార్క్ తీరం మీద ఉంది, మనసు మాత్రం పెరట్లో ఉంది. పెరట్లో మామగారి మడతబండి ఉంది. కారు వెనక తగిలించుకుని పోతే పెట్టెలా ఉంటుంది, మూత తీసి విప్పితే మంచాలతో సహా గుడారమై లేచి నిలబడుతుంది. చలికాలమంతా రైతు డౌవె కొట్టంలో ఊళ్ళోవాళ్ళ బండ్లతోపాటు నిద్రపోయి, నిన్ననే బయటికొచ్చింది. దాన్ని తేవడానికి తండ్రీ కూతుళ్ళే వెళ్ళారు. వీబె చిన్నాడి జలుబు పేరు చెప్పి ఇంట్లో ఉండిపోయాడు.

“ఇదిగో, ఇక్కడ దిగుదామనుకున్నాను. నీళ్ళు మోకాలు దాటవట. నాన్న పిల్లలతో ఇసుకలో కూర్చుంటాడు, మనం కాస్త మొగుడూ పెళ్ళాల్లా నడుద్దామని.”

“అనుకున్నావా, అనుకుంటున్నావా?”

“అనుకున్నాను.”

“బంగాళాదుంపలు ఇక్కణ్ణుంచే పట్టుకెళ్దామా? అక్కడివి మనవాళ్ళ నోటికి ఆనవు.”

“దుంపలు, వేరుశనగ ముద్ద, రొట్టె మీద చల్లే చాక్లెట్ పలుకులు, యెల్టె ముక్కాలిపీట, అన్నీ పట్టుకెళ్దాం. నువ్వు మాట మార్చకు.”

“నేను మార్చమనేది మాట కాదు, మకాం. సముద్రం ఒడ్డున చెక్క గుడిసెలు అద్దెకిస్తారట. చక్కగా ఉంటాయి. చెక్కగా కూడా ఉంటాయి.”

“పటం ముందు పెట్టుకుని కపటం మాట్లాడకు. నువ్వు వరసగా చమత్కారాలు వేస్తున్నావంటే కడుపులో ఏదో ఉందని అర్థం. పెళ్ళికి ముందు నాన్న పడవని వంతెనకి గుద్దిన రోజూ ఇంతే, సాయంత్రం దాకా ఇంటిల్లిపాదినీ నవ్వించావు.”

“కడుపులో ఉంది మీ నాన్న వండిన బఠాణీ పులుసు. అంతకుమించి చోటు లేదు.”

“సరే, నేనే చెబుతాను. నాన్నకి వినపడకూడదు. పెరట్లోనే ఉన్నాడా?”

“ఉన్నాడు. పిల్లల్ని తోపుడుబండిలో కూర్చోబెట్టి తిప్పుతున్నాడు.”

“మడతబండి పోయింది, వీబె.”

“దొంగలా?”

“దొంగలైతే బాగుణ్ణు, నలుగురితో చెప్పుకునేవాళ్ళం. బూజు. నిన్న మూత తీస్తే వాసన మొహాన కొట్టింది. గుడ్డంతా నల్లమచ్చలు. పిల్లలు పడుకునే వైపు వేలు ఆనిస్తే వేలు అవతలికొచ్చింది. తడిమీద మడిచి చలికాలమంతా వదిలేస్తే ఏమవుతుందో అదే అయింది.”

“ఎవరు మడిచారట?”

“ఎవరేమిటి? సెప్టెంబర్లో నాన్నే కదా మడిచి కొట్టంలో పెట్టి వచ్చాడు. ఆరబెట్టడం మర్చిపోయాడు.”

వీబె ఊపిరి వదిలాడు. వదిలాక, ఆ చప్పుడు తన చెవినే పడి సిగ్గేసింది.

“మామయ్యా? మర్చిపోవడమా?”

“నేనూ అదే అన్నాను. ఊళ్ళో ఎవడైనా గుడారం తడిగా మడిచాడంటే వాడింటికి వెళ్ళి చీవాట్లు పెట్టి వచ్చే మనిషి. ‘ఆరబెట్టానమ్మా, ఈ గడ్డి మీదే పరిచాను, నింకె దాని కింద దూరి ఆడింది’ అన్నాడు. కాసేపటికి ‘అది అంతకుముందు ఏడేమో’ అన్నాడు. ఆ తర్వాత పెరటి మెట్టు మీద కూర్చుండిపోయాడు.”

“వయసొచ్చాక మరపు మామూలే.”

“అలా అనకు.”

“ఓదార్పుగా అన్నాను.”

“మరపుకి ఓదార్పేమిటి? మా నాయనమ్మకి ఇలాగే మొదలైంది. ముందు పొయ్యి ఆర్పడం మర్చిపోయింది, తర్వాత మా పేర్లు. నాన్న ఎప్పుడూ అనడు గానీ, ఎన్నేళ్ళుగానో ఆ భయంతోనే ఉన్నాడు.”

అప్పుడు వీబె సాకుల మూట విప్పాడు. డౌవె కొట్టం కప్పు కారి ఉంటుందన్నాడు. ఎలుకలన్నాడు. మన ఫ్రీస్‌లాండ్‌లో గాలే సగం నీళ్ళు, ఇక్కడ ఎండలో నిలబడ్డా తుమ్మొస్తుందన్నాడు. మనిషికి ఉన్నట్టే గుడ్డకీ ముసలితనం ఉంటుందన్నాడు. రెన్స్కె ఒక్కొక్కదాన్నే మడిచి పక్కన పెట్టింది.

“డౌవెని అడిగాం. కప్పు చుక్క కారదన్నాడు. ‘నేను తెచ్చినప్పుడు గుడ్డ తడిగా ఉందా, నీకేమైనా గుర్తుందా’ అని నాన్న అడిగితే, బూట్లకేసి చూస్తూ నిలబడ్డాడు. జాలేసి ఉంటుంది.”

“ఇంకేమన్నాడు డౌవె?”

“ఇంకేమంటాడు?”

“ఏం లేదు. ఊరికే ఆరా.”

“నిన్నట్నుంచి అందరూ ఆరా తీసేవాళ్ళే. ఆరబెట్టినవాళ్ళు మాత్రం లేరు.”

“అమ్మా, పోయినేడు నేను గుడ్డ కింద ఆడానా?” పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది కూతురు నింకె.

“ఎవరడిగారు, నింకె?”

“తాత. అడిగిందే అడుగుతున్నాడు. నాకు తెలీదన్నాను. ‘పోనీలే తల్లీ’ అన్నాడు. నాన్నా, నేను ఆడానా?”

“నువ్వు... నువ్వెళ్ళి తమ్ముణ్ణి చూడమ్మా. బురదలోకి దిగుతున్నాడు.”

“దిగట్లేదు, తాత పట్టుకున్నాడు.”

“అయినా వెళ్ళు.”

“చూశావా, వీబె? పిల్లని సాక్ష్యం అడుగుతున్నాడు.”

“గుడ్డే కదా, రెన్స్కె. పోతే పోయింది. ఇంకో బండి అద్దెకి తెచ్చుకుందాం. మామయ్యని ముందు సీట్లో కూర్చోబెడదాం, దారంతా నా పాటలు వినిపిద్దాం. బూజు మాట ఆయనే మర్చి—”

“ష్. వస్తున్నాడు.”

హార్మెన్ లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాడు. తుడుచుకుంటూ పటంకేసి చూశాడు.

“డెన్మార్కా? బాగుంటుంది, వెళ్ళి రండి. కాఫీ తాగుతారా? ఇందాకే అడిగానా?”

“అడగలేదు నాన్నా. తాగుతాం, కాసేపాగి.”

“అడిగి ఉంటే అడిగానని చెప్పు తల్లీ, మొహమాటపడకు. వీబె, నీకు కూడా చెబుతున్నాను. నా మాటలో తేడా కనిపిస్తే నువ్వే చెప్పాలి. ఇది చెప్పదు, కడుపున పుట్టింది కదా. నువ్వు బయటినుంచి వచ్చినవాడివి, నిజం చెప్పగలవు.”

“మీకేం మామయ్యా, మీరు బాగానే ఉన్నారు.”

“మా అమ్మతో మేమూ అలాగే అనేవాళ్ళం.”

“నాన్నా, నువ్వు కూర్చోకూడదూ?”

“పిల్లల్ని వదిలేసి కూర్చుంటే ఎలా? ఇప్పుడు గుర్తుంది, ఇప్పుడే వెళ్ళాలి.”

తలుపు మూసుకున్నాక రెన్స్కె పటాన్ని పక్కకి నెట్టింది.

“ఆయన రాడట.”

“కాఫీకా?”

“డెన్మార్క్‌కి. ఈ ప్రయాణం నింకె అడిగిందనుకున్నావా? నాన్న అడిగాడు. అమ్మ పోయాక ఇదివరకెప్పుడూ ఏదీ అడగనివాడు అడిగాడు. నిన్న ఆ మెట్టు మీద కూర్చుని, ‘నీళ్ళ దగ్గర పిల్లల్ని నా మీద వదలకమ్మా, గుడ్డనే మర్చిపోయినవాణ్ణి’ అన్నాడు.”

“అలా అన్నాడా?”

“ఇదిగో.”

“ఏమిటవి?”

“ఆయన కారు తాళాలు. నేనడగలేదు. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్ళబోతుంటే చేతిలో పెట్టాడు. మంగళవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను, జ్ఞాపకం పరీక్ష చేస్తారట. ఇందాక భోజనం దగ్గర, ఉప్పు వేశానా అని రెండోసారి అడిగి, అడిగినందుకు క్షమించమన్నాడు. నువ్వు నవ్వావు.”

“ఏం చెయ్యాలో తెలీక నవ్వాను.”

“సరేలే. నేను కోరేది ఒక్కటే. ప్రయాణం సంగతి ఆయన ముందు ఎత్తకు. బూజు మాట అసలే ఎత్తకు. ఆయనకి సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఇద్దాం. సరేనా?”

“ఆరబెట్టాడు.”

“ఏమిటి?”

“మీ నాన్న ఆరబెట్టాడు, రెన్స్కె.”

“నీకెలా తెలుసు? ఆ రోజు నువ్విక్కడ లేవు.”

“నేను తీసినప్పుడు పొడిగా ఉంది.”

“నువ్వు తీయడమేమిటి? ఎప్పుడు తీశావు?”

“అక్టోబర్లో. మా పడవ జట్టుతో చేపలకి వెళ్ళాను కదా.”

“చెక్క గుడిసెలో ఉన్నామన్నావు.”

“గుడిసె మాట్లాడే పని నాది. మర్చిపోయాను. బయల్దేరే ముందు గుర్తొచ్చింది. వాళ్ళేమో సామాను సర్దుకుని కూర్చున్నారు. మామయ్య బండి ఆఖర్న పెట్టింది కదా, కొట్టంలో తలుపు పక్కనే ఉంది. ఎవరికీ చెప్పొద్దని డౌవెని బతిమాలాను.”

“నాన్నని అడిగితే ఇచ్చేవాడు.”

“ఇవ్వడు. పిల్లలకి తప్ప ఎవరికీ ఇవ్వడు, నీకూ తెలుసు. అందుకే అడగలేదు.”

“తర్వాత?”

“వాన. వెళ్ళినప్పట్నుంచీ వచ్చేదాకా వానే. తడిదాన్ని తడిగానే మడిచి తెచ్చి పెట్టేశాను. పొడి రోజు చూసి వచ్చి ఆరబెడతానని డౌవెతో చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. ఎండొచ్చిన ప్రతిసారీ గుర్తొచ్చేది. అంత గుడ్డని మీ నాన్న కంట పడకుండా ఈ ఊళ్ళో ఎక్కడ పరచను? రేపనుకున్నాను, ఎల్లుండనుకున్నాను. మంచు పడింది. మంచు పడ్డాక అనుకోవడం కూడా మానేశాను.”

“నిన్న యెల్టెకి జలుబన్నావు.”

“అన్నాను.”

“వాడికి జలుబు లేదు.”

“లేదు.”

“నాన్న మర్చిపోయాడు అని నేనన్నప్పుడు నువ్వు ఊపిరి వదిలావు. నేను విన్నాను, వీబె. నాన్న మీద బెంగతో అనుకున్నాను.”

“అప్పుడే చెప్పాల్సింది.”

“వయసొచ్చాక మామూలే అన్నావు.”

“అన్నాను.”

“ఆయన ఇక్కడ నిలబడి, నువ్వు నిజం చెప్పగలవు అన్నాడు. అప్పుడు కూడా.”

“అప్పుడు కూడా.”

“దీని మీద ఏమీ చమత్కారం లేదా?”

“లేదు.”

“అయితే లే. వెళ్ళి నాతో చెప్పింది చెప్పినట్టు ఆయనతో చెప్పు.”

“ముందు నువ్వు కాస్త మాట కదిపితే...”

“నేనెందుకు కదుపుతాను?”

“ఏ మొహం పెట్టుకుని చెప్పను, రెన్స్కె?”

“ఉన్న మొహం పెట్టుకునే చెప్పు. ఆయన నిన్నట్నుంచి ఆ మెట్టు మీద కూర్చుని తన బుర్రని తనే తవ్వుకుంటున్నాడు. ఇంకొక్క క్షణం కూడా—”

వెనక తలుపు మళ్ళీ తెరుచుకుని ఉంది. గుమ్మంలో హార్మెన్, చేతిలో చిన్నాడి బురద బూట్లతో. ఎంతసేపట్నుంచి నిలబడి ఉన్నాడో తెలియదు.

“నాన్నా. లోపలికి రా.”

“ఉండమ్మా. వీబె, అక్టోబర్ అన్నావు కదూ? నేను సరిగ్గానే విన్నానా?”

“సరిగ్గానే విన్నారు మామయ్యా.”

“నువ్వు మూత తీసేసరికి గుడ్డ ఎలా ఉంది?”

“పొడిగా ఉంది.”

“మూలలు? మూలలు అంత తొందరగా ఆరవు.”

“మూలలు కూడా. ఎండుటాకులా గలగలలాడింది. మడతల్లో గడ్డిపరకలున్నాయి, అవీ ఎండిపోయి ఉన్నాయి.”

“ఈ పెరట్లో గడ్డే.”

“ఈ పెరట్లోదే అయ్యుంటుంది. మామయ్యా, నేను చేసింది చిన్న తప్పు కాదు. బండి పాడుచేశాను, అది పోనీ. ఇందాక మీరు అడిగినప్పుడు నోరు మూసుకున్నాను. ఎంత తిట్టినా పడతాను.”

“తిట్లకేం తొందర, తీరిగ్గా తిడతాను. ముందు ఇంకోసారి చెప్పు బాబూ, నేను ఆరబెట్టానని.”