ఉయ్యాల కర్రల సందు

ప్రేమ్ బజార్ వెనక వీధిలో ఒక ఇంటి వరండాలో పాత ఉయ్యాల తొట్టి ఉంది. డిజైన్ చదువుతున్న మనవరాలు దాని కర్రల మధ్య ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా దూర్చి చూస్తోంది. నాయనమ్మ పక్కనే కూర్చుంది.

“డబ్బా అవతలికి పోయింది మామ్మా. అక్కకి పుట్టబోయే బిడ్డని ఇందులో పడుకోబెట్టకూడదు.”

“డబ్బాని పడుకోబెడతామేటే?”

“డబ్బా దూరే సందులోంచి పిల్ల ఒళ్లు జారిపోద్ది, తల ఇరుక్కుంటాది. ఏ వస్తువుకైనా ముందు ప్రమాదం ఎక్కడుందో వెతకమనే మా కాలేజీలో నేర్పుతారు.”

“మీ నాన్న ఇందులోనే పెరిగినాడు. ఆడి తలకేటయినాది?”

“కొంచెం సొట్ట ఉంది కదా.”

“నవ్వించకు. రైల్వే వేలంలో కొన్న బోగీ చెక్కతో సేసినారు మీ తాత. గాజులతో సహా నా సెయ్యి కొలిసి మరీ ఈ సందు పెట్టినారు.”

“చెయ్యెందుకు?”

“పచ్చి బాలింతని, కింద సాప మీద పడుకునేదాన్ని. పిల్లోడు ఏడిస్తే నువ్వు లేవకు, సందులోంచి సెయ్యెట్టి జోకొట్టు అన్నారు.”

“మామ్మా, ప్రతి సందులోనూ ఇంకో కర్ర వేస్తాను. అప్పుడు తాతయ్య ఉయ్యాలే వాడొచ్చు. కానీ చెయ్యి దూరదు.”

నాయనమ్మ కర్రల సందులోంచి చెయ్యి పెట్టి తొట్టి లోపలి చెక్కని తడిమింది.

“నీకిష్టం లేకపోతే ముట్టుకోను. వేరేది కొనుక్కుందాం.”

“ఎయ్యి. ఊరికే ఉంచుకుంటే చెక్కే కదా. పిల్ల ఊగితేనే ఉయ్యాల.”

“మరి రాత్రిళ్లు ఏడిస్తే?”

“నేను లేస్తానే. లేవకు అనే మనిషి ఇప్పుడెవరున్నారు?”